గాయానికీ ఆపరేషన్ బల్లకూ మధ్య

రోడ్డు మీద గాయపడిన మనిషి మొదటి రోజే చనిపోతే కారణం చాలావరకు రెండిట్లో ఒకటి: తల లోపల తగిలిన దెబ్బ, లేదా ఆగకుండా పోయిన రక్తం. మొదటిదాని విషయంలో వైద్యం చేయగలిగింది ఈనాటికీ పరిమితమే. రెండోదాని సంగతి వేరు. చిట్లిన ప్లీహాన్ని తీసేయవచ్చు, తెగిన రక్తనాళాన్ని కట్టేయవచ్చు, విరిగిన కటి ఎముకలను బిగించి కట్టవచ్చు, పోయిన రక్తానికి బదులు రక్తం ఎక్కించవచ్చు. 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో మరణించిన 4,596 మంది అమెరికన్ సైనికుల రికార్డులను నిపుణులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆసుపత్రి చేరకముందే పోయారు. అలా పోయినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి బతికే అవకాశం ఉండింది. ఆ అవకాశం ఉన్నవాళ్లలో 90 శాతం పైగా మరణించింది రక్తస్రావం వల్లే. యుద్ధంలో బాంబు గాయాలు వేరు, మన హైవేల మీద మోటారు సైకిల్ గాయాలు వేరు, నిజమే. కానీ ప్రాణం ఎక్కడ పోతోందన్న ప్రశ్నకు ఆ లెక్క ఇచ్చిన జవాబు మనకూ వర్తిస్తుంది. ఆపరేషన్ బల్ల మీద పోయే ప్రాణాలకంటే ఆ బల్ల దాకా చేరకుండా పోయేవి ఎక్కువ. గత ముప్పయ్యేళ్ల ట్రామా పరిశోధనను వరసపెట్టి చదివితే నాకు తేలింది ఇది: ఈ రంగంలో ఏ చికిత్సకూ దానంతట దానికి విలువ లేదు, అది గాయం తర్వాత ఎంతసేపటికి అందిందన్నదాన్ని బట్టే విలువ. మన వైద్య మార్గదర్శకాలు మాత్రం ఇప్పటికీ పెద్దాసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతున్నాయి.

ఈ మాటకు అన్నిటికంటే గట్టి ఆధారం ఒక చవకైన మందు. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షొసుకే ఒకమోటో కలిసి 1962లో వెల్లడించిన ట్రానెక్సామిక్ యాసిడ్, గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోకుండా ఆపుతుంది. దాన్ని గాయపడినవాళ్ల మీద పెద్దఎత్తున పరీక్షించడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 2010లో ఫలితాలు వెలువడిన క్రాష్-2 ప్రయోగంలో 40 దేశాల్లోని 274 ఆసుపత్రుల నుంచి 20,211 మంది రోగులు చేరారు. ఎక్కువమంది చేరిన దేశాల్లో భారతదేశం ఒకటి. పది నిమిషాల్లో ఒక గ్రాము, తర్వాత ఎనిమిది గంటల్లో ఇంకో గ్రాము. మందు అందినవాళ్లలో 14.5 శాతం, ఉత్తుత్తి మందు అందినవాళ్లలో 16 శాతం మరణించారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది అదే సమాచారాన్ని గంటలవారీగా విడదీసినప్పుడు అసలు విషయం బయటపడింది. గాయమైన గంటలోపు మందు పడితే రక్తస్రావ మరణాలు 7.7 శాతం నుంచి 5.3 శాతానికి తగ్గాయి. గంట నుంచి మూడు గంటల మధ్య పడితే 6.1 నుంచి 4.8కి తగ్గాయి. మూడు గంటలు దాటాక ఇస్తే తగ్గలేదు సరికదా, 3.1 నుంచి 4.4 శాతానికి పెరిగాయి. అదే మందు, అదే మోతాదు, అవే చేతులు. ప్రాణం నిలబెట్టిన సూదే మూడు గంటల తర్వాత ప్రాణానికి ముప్పు తెచ్చింది. 2018లో ప్రసవానంతర రక్తస్రావం మీది ప్రయోగాన్ని కూడా కలిపి, మొత్తం 40,138 మంది రోగుల సమాచారంతో చేసిన విశ్లేషణలో, ప్రతి పదిహేను నిమిషాల ఆలస్యానికీ ఆ మందు మేలు పదో వంతు చొప్పున తరిగిపోతుందని తేలింది.

ఇది ఒక్క మందుకే పరిమితమైన విచిత్రం కాదు. రక్తం పోతున్న శరీరం ప్రతి ఇరవై నిమిషాలకూ వేరే శరీరంగా మారుతుంది. రాయల్ లండన్ ఆసుపత్రిలో కరీం బ్రోహీ బృందం 2003లో ప్రచురించిన పరిశీలనలో, తీవ్రంగా గాయపడి వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఆసుపత్రి గుమ్మం దగ్గరికే రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతిని ఉంది. అంతకుముందు దాకా ఈ లోపం సెలైన్ ఎక్కువ ఎక్కించడం వల్లా, శరీరం చల్లబడటం వల్లా తర్వాతెప్పుడో వస్తుందని అనుకునేవారు. గాయం, షాక్ కలిసి మొదటి నిమిషాల నుంచే ఆ పని మొదలుపెడతాయని అప్పుడు అర్థమైంది. మొదట గడ్డను కరిగించే శక్తి విజృంభిస్తుంది. చాలామందిలో కొన్ని గంటలకు అది అణగారి, వ్యతిరేక దిశలో రక్తనాళాల్లో అనవసరంగా గడ్డలు కట్టే స్థితి వస్తుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ మొదటి దశలో మందు, రెండో దశలో కాదు. శరీరం చల్లబడటం, రక్తంలో ఆమ్లం పేరుకోవడం, గడ్డకట్టే శక్తి పోవడం ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతాయి కాబట్టి, ముందే అడ్డుపడితే సులువుగా ఆగేది ఆలస్యమైతే ఎంత వైద్యం గుమ్మరించినా ఆగదు.

సెలైన్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది, అయితే చేదుగా. రక్తపోటు పడిపోతే బాటిల్ మీద బాటిల్ ఎక్కించి దాన్ని మామూలు స్థాయికి తేవాలని తరాల తరబడి నేర్పారు. 1994లో ఫలితాలు వెలువడిన హ్యూస్టన్ ప్రయోగంలో ఛాతీకి, పొట్టకు కత్తిపోటో తుపాకీ గుండో తగిలి రక్తపోటు పడిపోయిన 598 మందిని రెండు వర్గాలు చేసి చూశారు. ఒక వర్గానికి దారిలోనే సెలైన్ మొదలుపెట్టారు, ఇంకో వర్గానికి ఆపరేషన్ బల్ల చేరేదాకా ఆపారు. వెంటనే ఎక్కించినవాళ్లలో 62 శాతం బతికితే, ఆపినవాళ్లలో 70 శాతం బతికారు. రక్తనాళం ఇంకా తెరుచుకునే ఉన్నప్పుడు పోటు పెంచితే అప్పుడే కట్టిన మెత్తని గడ్డ ఊడిపోతుంది, మిగిలిన రక్తం పలచబడుతుంది, శరీరం చల్లబడుతుంది. నేటి యూరోపియన్ మార్గదర్శకాలు, తలకు దెబ్బ లేని రోగిలో రక్తస్రావం ఆగేవరకు పై రక్తపోటును 80–90 దగ్గరే ఉంచమంటున్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోకూడదు. హ్యూస్టన్ రోగులకు ఆసుపత్రి నిమిషాల దూరంలో ఉంది, గాయాలు సూటిగా చీల్చుకుపోయినవి. మన రోడ్ల మీద గాయాలు మొద్దుదెబ్బలు, హెల్మెట్ లేని తల కూడా వాటిలో ఉంటుంది, ఆసుపత్రి గంటల దూరంలో ఉంటుంది. మెదడుకు దెబ్బ తగిలినవాడి రక్తపోటును కిందికి వదిలేస్తే మెదడు రెండోసారి దెబ్బతింటుంది. కాబట్టి ‘సెలైన్ వద్దు’ అనే మాట పాడేరు ఘాట్‌లో పడిపోయినవాడికి అలాగే అతకదు. అది ఎంత దూరానికి, ఎటువంటి గాయానికి నిరూపితమైందో చెప్పని మార్గదర్శకం సగమే చెప్పినట్టు.

శస్త్రచికిత్సకు తన సొంత ఇంట్లో కూడా గడియారాన్ని ఒప్పుకోక తప్పలేదు. 1983లో అట్లాంటాకు చెందిన హార్లన్ స్టోన్ బృందం, ఆపరేషన్ మధ్యలో రక్తం గడ్డకట్టడం మానేసిన రోగుల్లో పని అక్కడే ఆపి, పొట్టలో గుడ్డలు కుక్కి, కుట్టేసి, రోగిని కోలుకోనిచ్చి, తర్వాత మళ్లీ తెరిచి మిగతాది చేసిన అనుభవాన్ని ప్రచురించింది. అలా చేసిన 17 మందిలో 11 మంది బతికారు. పాత పద్ధతిలో ఒకేసారి అంతా పూర్తిచేయబోయిన 14 మందిలో ఒక్కరే. పదేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాలో రొటాండో, ష్వాబ్ బృందం ఇదే విధానానికి ‘డ్యామేజ్ కంట్రోల్’ అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది. ఆలోచన సరైనదే. పేగును అందంగా కలపడం ముఖ్యం కాదు, రోగి శరీరానికి మిగిలిన సమయంలో రక్తాన్ని ఆపడం ముఖ్యం. కానీ ఆ పేరు ప్రపంచమంతా పాకినంత వేగంగా దానికి రుజువులు పెరగలేదు. ఫిలడెల్ఫియా వ్యాసంలో అందరూ ఉటంకించే 77 శాతం, 11 శాతం అన్న తేడా, అతి తీవ్రంగా గాయపడిన 22 మంది రోగుల మీద లెక్క కట్టింది. మొత్తం 46 మందిని తీసుకుంటే రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత కొన్ని కేంద్రాల్లో అవసరం లేనివాళ్లకు కూడా పొట్ట తెరిచి వదిలేయడం మామూలైపోయింది. హ్యూస్టన్‌లోనే దాన్ని తగ్గించే ప్రయత్నం చేసినప్పుడు మరణాలు పెరగలేదు. సమయం తరుముతున్న రోగికి ఇది వరం, తరమని రోగికి భారం. ఎవరు ఏ కోవకు చెందుతారో అరగంటలో తేల్చుకోగల సర్జన్ తీర్పుకు ప్రత్యామ్నాయం లేదని కూడా ఒప్పుకుంటాను.

సర్జన్ తీర్పును మార్గదర్శకాలు చంపేస్తాయన్న అభ్యంతరం ఇక్కడే వస్తుంది. తీర్పు విలువైనదే, కానీ రక్తస్రావ, తలగాయాల విషయంలో ఒక్కొక్క వైద్యుడి అనుభవం ఎంత మోసం చేయగలదో చూపే ఉదాహరణ ఒకటుంది. తలకు దెబ్బ తగిలితే మెదడు వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు ఇవ్వడం దశాబ్దాల అలవాటు. తర్కం ఉంది, అనుభవం ఉంది, పాఠ్యపుస్తకం ఉంది. 10,008 మంది రోగులతో సాగిన క్రాష్-1 ప్రయోగం మొదటి ఫలితాలు 2004లో వచ్చాయి. రెండు వారాల్లో స్టెరాయిడ్ అందినవాళ్లలో 21.1 శాతం, అందనివాళ్లలో 17.9 శాతం చనిపోయారు. వందమందిలో ముగ్గురు. తలగాయంతో వచ్చినవాళ్లలో ఎంతోమంది ఎలాగూ చనిపోయే వార్డులో ఆ అదనపు ముగ్గురిని ఏ వైద్యుడూ, ఎంత నిపుణుడైనా, తన కళ్లతో పట్టుకోలేడు. అందుకే ఇంత పెద్ద ప్రయోగాలు కావాలి. పరికరాల విషయంలోనూ ఇదే జరిగింది. తొడ దగ్గరి ధమని గుండా బెలూన్ పంపి బృహద్ధమనిని తాత్కాలికంగా మూసే పద్ధతి శరీరధర్మం రీత్యా ఎంతో నమ్మకంగా కనిపించింది. బ్రిటన్‌లోని పెద్ద ట్రామా కేంద్రాల్లో 90 మంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు: బెలూన్ వర్గంలో 90 రోజుల మరణాలు 54 శాతం, మామూలు చికిత్సలో 42 శాతం. బెలూన్ వేయడానికి పట్టిన నిమిషాలు అసలు రక్తస్రావాన్ని ఆపే పనిని వెనక్కి నెట్టాయి. దీనికి పక్కన ఒక పాత పట్టీని పెట్టి చూడాలి. చేయి, కాలు నుంచి రక్తం చిమ్ముతున్నప్పుడు పైన బిగించే టూర్నికే వల్ల అవయవం పోతుందన్న భయంతో పౌర వైద్యం దాన్ని ఎన్నో ఏళ్లు దూరం పెట్టింది. బాగ్దాద్ సైనిక ఆసుపత్రి అనుభవం ప్రకారం, షాక్ రాకముందే ఆ పట్టీ పడినవాళ్లలో పదింట తొమ్మిదిమంది బతికారు. షాక్ వచ్చాక పడినవాళ్లలో పదింట ఒక్కరు. అది యాదృచ్ఛిక ప్రయోగం కాదు, రెండు వర్గాల గాయాలు సమానం కాకపోవచ్చు. అయినా అంత తేడాను గాయాల తేడాతోనే కొట్టిపారేయలేం.

సమయమే అంత ముఖ్యమైతే ‘గోల్డెన్ అవర్’ సంగతేమిటి అని అడగవచ్చు. బాల్టిమోర్ సర్జన్ ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చిన ఆ గంట ఇప్పుడు మన చట్టంలోనే ఉంది: 2019 మోటారు వాహనాల సవరణ చట్టం దాన్ని గాయం తర్వాతి ఒక గంటగా నిర్వచించింది. కానీ 2001లో లెర్నర్, మస్కాటీ ఆ గంటకు మూలం వెతుక్కుంటూ వెళితే వెనక ఏ రుజువూ దొరకలేదు. 2010లో వెలువడిన, ఉత్తర అమెరికాలో 3,656 మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో, అంబులెన్స్ తీసుకున్న సమయానికీ మరణానికీ సంబంధం కనిపించలేదు. ఇది నా వాదనకు ఎదురయ్యే బలమైన సాక్ష్యం, దాన్ని తప్పించుకోను. అయితే ఆ అధ్యయనంలో తలగాయాలు, ఎముక గాయాలు, రక్తస్రావం అన్నీ కలిసి ఉన్నాయి. పరిస్థితి విషమించినవాణ్ని సిబ్బంది వేగంగా తీసుకెళతారు కాబట్టి వేగానికీ మరణానికీ ఉన్న లెక్క తలకిందులవుతుంది కూడా. ఇంకో వైపు, 2009లో అమెరికా రక్షణ మంత్రి గాయపడిన సైనికుణ్ని గంటలోపు ఆసుపత్రికి చేర్చాలని ఆదేశించాక, అఫ్ఘానిస్తాన్‌లో తరలింపు సమయం మధ్యస్థంగా 90 నిమిషాల నుంచి 43 నిమిషాలకు తగ్గింది. గాయపడినవాళ్లలో మరణించే వాటా 13.7 శాతం నుంచి 7.6కి పడింది. ఆ తగ్గుదలకు వేరే కారణాలూ తోడై ఉంటాయి. వాళ్లను తరలించే హెలికాప్టర్లలో రక్తం, శిక్షణ పొందిన సిబ్బంది కూడా పెరిగారు. నా ఉద్దేశంలో ఈ రెంటినీ కలిపి చదివితే వచ్చే జవాబు ఇది: గంట అనే అంకెకు మహిమ లేదు, గాయాలన్నిటికీ ఒకే గడియారం లేదు, రక్తం పోతున్నవాడికి మాత్రం గంట కూడా ఎక్కువే. కాబట్టి రోగిని ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చామన్నది ఒక్కటే కొలతగా పెట్టుకోకూడదు. రక్తం ఆపే మొదటి పని ఎప్పుడు జరిగిందన్నది కొలవాలి, అది రోడ్డు పక్కనే జరిగినా సరే.

దారిలోనే రక్తం, ప్లాస్మా ఇచ్చిన ప్రయోగాలు ఈ మాటకు నిలువెత్తు పరీక్ష. హెలికాప్టర్‌లో ప్లాస్మా ఇచ్చిన అమెరికన్ ప్రయోగంలో 501 మంది చేరారు. 30 రోజుల మరణాలు 33 శాతం నుంచి 23.2 శాతానికి తగ్గాయి. డెన్వర్ నగరంలో అంబులెన్స్‌లో అదే ప్లాస్మా ఇస్తే తేడా లేదు. బ్రిటన్‌లో 432 మందికి రక్తకణాలు, ప్లాస్మా కలిపి ఇచ్చిన ప్రయోగంలోనూ సెలైన్ కంటే మేలు కనిపించలేదు. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అనుకోవడం తొందరపాటు. మొదటి రెండు అమెరికన్ ప్రయోగాలనూ కలిపి చూసినప్పుడు, ప్రయాణం ఇరవై నిమిషాలు దాటినవాళ్లలోనే ప్లాస్మా మేలు స్పష్టమైంది. ఆసుపత్రి ఐదు నిమిషాల్లో ఉన్నచోట దారిలో ఏం చేసినా తేడా పడదు. దూరం పెరిగేకొద్దీ దారే ఆసుపత్రి అవుతుంది. మనకు పనికొచ్చే ముక్క అదే. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కు వందకు పైగా కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. నగరాల్లోని ట్రామా కేంద్రాల కోసం రాసిన సూచనలను ఆ దూరాల మీద అలాగే పరిచేస్తే అతకవు.

ఈ ఫలితాలన్నీ సంపన్న దేశాల సౌకర్యాలతో వచ్చినవే కదా, మనకెందుకు అనేవాళ్లు ఉన్నారు. కొన్నిటి విషయంలో వాళ్లది న్యాయమైన మాటే. రక్తకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమపాళ్లలో ఎక్కించి చూసిన 2015 నాటి ప్రాపర్ ప్రయోగంలో, ఆ సంచులన్నీ పిలిచిన పది నిమిషాల్లోపు రోగి మంచం పక్కకు చేరాలన్నది షరతు. రక్తనిల్వ కేంద్రంలో కొద్ది యూనిట్ల రక్తకణాలు మాత్రమే ఉండే ఏరియా ఆసుపత్రికి ఆ పాఠం చేరినా సరుకు చేరదు. అందుకే చవకైన, తేలికైన పనుల వరుసలో ముందుకు రావాల్సినవి వేరు: చిమ్మే రక్తం మీద గట్టి ఒత్తిడి, టూర్నికే, కటి ఎముకలకు బిగింపు పట్టీ, ఒంటి మీద దుప్పటి, ట్రానెక్సామిక్ యాసిడ్. చివరిది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో గాయాల కోసం 2011 నుంచీ ఉంది. దాని రుజువు సంపన్న దేశాల్లో మాత్రమే పుట్టింది కాదు, మన రోగుల మీద కూడా పుట్టింది. నరం దొరకడం కష్టమైన బండిలో దాన్ని కండరానికి సూదిగా ఇవ్వవచ్చా అని 30 మంది గాయపడినవాళ్ల మీద చూసినప్పుడు, పావుగంటలోపే చాలినంత మందు రక్తంలోకి చేరింది. 108 బండిలో శిక్షణ పొందిన టెక్నీషియన్ చేతికి ఆ సూది ఇవ్వవచ్చా అన్నది అధికార పరిధి ప్రశ్న అయితే, ఆ ప్రశ్నను వెంటనే తేల్చాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ రోగిని మోసుకెళ్లడం నేర్చుకుంది. ఇప్పుడు చికిత్సను మోసుకెళ్లడం దాని తర్వాతి పని కావాలి.

ట్రానెక్సామిక్ యాసిడ్ మీద కొత్తగా వచ్చిన ఒక సందేహాన్ని పక్కన పెట్టను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీల్లో 1,310 మందితో జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో, ఆరు నెలల తర్వాత మంచి స్థితిలో బతికినవాళ్ల సంఖ్య మందు వల్ల పెరగలేదు. 28 రోజుల మరణాలు మాత్రం 21.8 నుంచి 17.3 శాతానికి తగ్గాయి. అంటే బతికినవాళ్లలో కొందరు తీవ్ర వైకల్యంతో బతికారని అర్థం చేసుకోవాలి. ఇది తేలికగా తీసుకునే విషయం కాదు. వైకల్యం భారమంతా ఇంట్లోవాళ్ల మీద పడే మన సమాజంలో అసలే కాదు. అయితే తలగాయం బలంగా ఉన్న రోగులు ఎక్కువగా ఉన్నచోట ప్రాణం నిలిపినా మెదడును నిలపలేకపోవడం మందు తప్పు కాదు. ఆ ఫలితం నన్ను ఈ మందు ఆపమని ఒప్పించలేదు. బతికినవాళ్లకు పునరావాస వైద్యం కూడా లెక్కలో ఉండాలని ఒప్పించింది. ఇంకో లోటు మీద కూడా దృష్టి పెట్టాలి. మందు ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకేలా పనిచేస్తుందని ప్రయోగాలు చూపినా, బ్రిటన్ రికార్డుల్లో గాయపడిన ఆడవాళ్లకు అది తక్కువగా అందింది.

అత్యవసర స్థితిలో ప్రయోగాలు చేయడం నైతికం కాదన్న అభ్యంతరం మిగిలింది. స్పృహలేని మనిషి సమ్మతి ఇవ్వలేడు. బంధువు వచ్చేసరికి సమయం మించిపోతుంది. క్రాష్-1 జరిగిన ఆసుపత్రులను పోల్చి చూసినప్పుడు, బంధువు రాతపూర్వక సమ్మతి అడిగినచోట చికిత్స గంటకు పైగా ఆలస్యమైంది. మేలు చేసే మందు పరీక్షలో ఆ గంట ప్రాణాలు తీస్తుంది. పైగా మేలును తక్కువగా చూపి, వచ్చే రోగులను కూడా నష్టపరుస్తుంది. ముందు చికిత్స మొదలుపెట్టి సమ్మతి తర్వాత తీసుకునే పద్ధతికి నైతిక కమిటీలు కట్టుదిట్టమైన షరతులతో అనుమతి ఇవ్వడమే మానవీయం. పరీక్షించకుండా దశాబ్దాలు స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు ఎవరి సమ్మతీ ఎవరూ అడగలేదు.

మరి తెలుగు రాష్ట్రాల్లో ఏం చేయాలి? 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారన్న లెక్క మనకు ఉంది. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం, ప్రమాద బాధితుడికి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స ఇస్తానంటోంది. డబ్బు అడ్డంకి కొంత తొలగితే మిగిలేది వరుస. ఏరియా ఆసుపత్రి నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి బోధనాసుపత్రికి రిఫర్ చేస్తూ పోయే దారిలో ప్రతి మజిలీ కూడా మందు పనిచేసే మూడు గంటల్లోంచి కొంత తినేస్తుంది. కాబట్టి రిఫరల్ చీటీ మీద నాలుగు సమయాలు తప్పనిసరి కావాలి: గాయమైన సమయం, మొదట రక్తాన్ని ఆపిన సమయం, ట్రానెక్సామిక్ యాసిడ్ పడిన సమయం, రోగి అక్కడి నుంచి కదిలిన సమయం. మొదటిది తెలియకపోతే ఆ మందు ఇవ్వాలో మానాలో పై ఆసుపత్రి డ్యూటీ డాక్టరు తేల్చుకోలేడు. మూడో గంట దాటిందో లేదో అతనికి చెప్పేది ఆ చీటీ ఒక్కటే. ఆ నాలుగు అంకెలు జిల్లాలవారీగా పోగైతే, పాడేరులోనూ నల్లమలలోనూ కండరానికి సూది వేసే పద్ధతి పనిచేస్తుందా, అక్కడి దూరాలకు సెలైన్ ఎంత, రక్తపోటు ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలను మన రోగుల మీదే, మన దూరాల మీదే పరీక్షించే ప్రయోగాలకు అదే మొదటి పునాది అవుతుంది. క్రాష్-2కు అంతమంది రోగులను ఇచ్చిన దేశానికి అంతమాత్రం ప్రయోగం సొంతంగా నడపడం శక్తికి మించిన పని కాదు.